అరచేతిలో పులుసు

మా ఇంట్లో చేపల పులుసు రుచి చూసే పని నాది. నేను కోరుకున్న పని కాదు, తొమ్మిదో ఏట నా మీద పడింది. దాకని ఒక పక్కకి కాస్త వంచి, అంచున చేరిన పులుసులో చెంచా ముంచి, ఒక్క బొట్టు నా అరచేతిలో వేసేది మామ్మ. చుర్రుమనేది. ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, ఊదుకుని, నాకేవాణ్ణి. అంతసేపూ మామ్మ నా మొహంలోకే చూస్తూ ఉండేది. వంటింట్లో అమ్మ ఉన్నా, అత్తయ్య ఉన్నా, ఆవిడ అడిగేది నన్నే.

తను మాత్రం రుచి చూడదు. చేపని కాశీలో వదిలేసింది.

1985లో మామ్మా తాతయ్యా ఊళ్లోవాళ్లు పదిమందితో కలిసి కాశీ వెళ్లారు. నాయనమ్మని మా వైపు మామ్మ అంటాం. కాశీ వెళ్లినవాళ్లు గంగలో మునిగి, తమకి ఇష్టమైన కూర ఒకటి, పండు ఒకటి వదిలేసి రావాలి. ఇక బతికున్నన్నాళ్లూ వాటిని ముట్టకూడదు. ఇందులో కిటుకు అందరికీ తెలిసిందే. ఇష్టమైనది వదలమన్నారు గానీ, ఎవరికేది ఇష్టమో గంగమ్మకి ఎవరు చెప్పొచ్చారు? మా తాతయ్య కాకరకాయ వదిలాడు. అంతకుముందు ఆయన కాకరకాయ తినగా చూసినవాళ్లు మా ఇంటా వంటా లేరు. పండేమో రేగుపండు. ఆయన వెనకాల నిలబడ్డాయన పొట్లకాయ. ఇలా వరసగా అందరూ పెద్ద మనసు చేసుకుని వదిలేస్తుంటే మామ్మ వంతు వచ్చింది. "సీతాఫలం, చేప" అంది. సంకల్పం చెప్పిస్తున్న పంతులుగారు తెలుగాయనే. సరిగ్గా వినపడలేదనుకుని, "కూర చెప్పండమ్మా" అన్నారట. "మాకు అదే కూరండి" అందిట మామ్మ.

ఇంటికొచ్చి, గంగ చెంబు పూజలయ్యి, మా అందరి చేతులకీ కాశీ తాళ్లు కట్టాక ఈ సంగతి తాతయ్యే బయటపెట్టాడు. నవ్వుతూనే చెప్పాడు గానీ ఆ నవ్వులో కొంచెం సిగ్గు కూడా ఉంది. నాన్న రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. "ఎవరడిగారే నిన్ను" అని ఒకటే సణుగుడు. మామ్మ మాత్రం, "వదలమన్నది ఇష్టమైంది కదరా. అబద్ధం చెప్పడానికి అంతదూరం రైలెక్కి వెళ్లాలా?" అంది. తాతయ్య లేచి వీధి అరుగు మీదికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన మీద కోపమొచ్చిన రోజు మామ్మ కాకరకాయ వేపుడు చేసేది. ఆయన చారన్నం తిని లేచేవాడు.

మా ఊరు పిఠాపురం నుంచి ఉప్పాడ వెళ్లే దారిలో ఉంటుంది. ఉప్పాడంటే బయటివాళ్లకి జాందానీ చీరలు గుర్తొస్తాయి. ఇంకొందరికి, ఏటా ఇంత చొప్పున ఒడ్డుని కోసుకుపోయే సముద్రం. మాకు మాత్రం ఉప్పాడ అంటే పొద్దున తొమ్మిది గంటలకి వీధి మలుపులో వినిపించే "చేపలమ్మా..." అన్న కేక. మా డాబా ఎక్కినా సముద్రం కనపడదు. కానీ గాలి తూర్పుకి తిరిగిన రాత్రుళ్లు, ఊరంతా సద్దుమణిగాక, హోరు మాత్రం వినపడేది. ఆ హోరు మరీ ఎక్కువైతే మర్నాడు చేపలామె రాదని మాకు తెలుసు. వేటకి వెళ్లి ఉండరు.

చేపలామె గంప దించితే అరుగంతా తడిసిపోయేది. కానాగంతలు, కవళ్లు, గులివిందలు, ఎప్పుడైనా మాగ, మరీ అదృష్టం బాగుంటే వంజరం. తూకాల్లేవు, అంతా వాటాలే. కుప్పలు పోసి, ఈ కుప్ప ఇంత అనడమే. మామ్మ మాట్లాడకుండా ఒక్కో చేపా తీసి మొప్ప ఎత్తి చూసేది. లోపల మందారప్పువ్వులా ఎర్రగా ఉండాలి. నల్లబడినా, పాలిపోయినా వద్దు. కళ్లు ఉబ్బెత్తుగా, నీళ్లు నిండినట్టుండాలి. వేలితో నొక్కితే సొట్ట పడకూడదు. ఇంత పరీక్షా అయ్యాక బేరం. అది మొదలైతే మేం బడికి వెళ్లి రావచ్చు. ఆమె "అమ్మగోరూ, పాట పాడి తెచ్చానండీ, ఒడ్డునే అంత పడింది" అనేది. పడవలు ఒడ్డుకి రాగానే అక్కడ చేపలకి వేలం పాట జరుగుతుంది. ఆ పాట పేరు చెప్పి ఎవరి నోటికొచ్చినంత వాళ్లు చెప్తారని మామ్మ వాదన.

కాశీ నుంచి వచ్చాక కూడా ఇదంతా మామూలే. మేమందరం అనుకున్నదేమిటంటే, ఆవిడ తినదు కాబట్టి ఇక పెద్దగా పట్టించుకోదని, వంట అమ్మ మీద పడుతుందని. ఏమీ లేదు. పైగా పట్టింపు పెరిగింది.

ఆవిడ పులుసులో గొప్ప మర్మమేమీ లేదు. పండుగప్పలాంటి పెద్ద పొలుసు చేపైతే బావి దగ్గర గరుకు రాయి మీద రుద్ది పొలుసు తీసేది. బూడిద చేత్తో పట్టుకుంటేనే చేప జారదు. ముక్కలు కోశాక గళ్లుప్పు, పసుపు పట్టించి రుద్ది, ఆఖరి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. నీచంతా ఆ నీళ్లతో పోవాలి. పోనిది ఏమన్నా ఉంటే చింతపండు చూసుకుంటుందని ఆవిడ ధీమా. చేప నీచు వాసనకి మూలం ట్రైమిథైలమైన్ అనీ, అది క్షారమనీ, పులుపు తగలగానే దాని జోరు తగ్గిపోతుందనీ నేను డిగ్రీలో చదువుకున్నాను. సెలవులకి వచ్చినప్పుడు ఈ ముక్క గర్వంగా చెప్తే, "అయితే మీ మాస్టారికి పులుసు పెట్టడం వచ్చన్నమాట" అంది.

కిలో ముక్కలకి పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, చిక్కగా పిసికి పెట్టుకోవాలి. పాత చింతపండైతే పులుసు నల్లగా వస్తుంది, కొత్తదైతే ఎర్రగా. మామ్మకి ఎర్రగా ఉండాలి. ఉల్లిపాయలు రోట్లో కచ్చాపచ్చాగా దంచేది. తరిగితే ఆవిడకి నచ్చదు, పులుసులో పురుగుల్లా తేలతాయని. ధనియాలు, జీలకర్ర, చిటికెడంటే చిటికెడు మెంతులు దోరగా వేయించి, వెల్లుల్లితో కలిపి సన్నికల్లు మీద నూరేది. పొయ్యి మీద మట్టి దాక. అందులో పప్పునూనె, అంటే నువ్వులనూనె, మనం ఈ రోజుల్లో పోయడానికి భయపడేంత. ఉల్లి ముద్ద పచ్చివాసన పోయి నూనె తేలేదాకా వేగాక చీల్చిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు, కారం. కారం మాడకముందే చింతపండు రసం. ఆ రసం పడ్డప్పుడు వచ్చే చప్పుడుకి మా పిల్లి నిద్రలేచేది.

పులుసు ముందు ఒట్టిదే మరగాలి. పది నిమిషాలు పైమాటే. ఇక్కడ తొందరపడ్డవాళ్ల పులుసు జన్మలో బాగుండదు, చేప ఎంత మంచిదైనా సరే. మరిగిన పులుసులో ముందు తలలు, తోకలు, కాసేపాగి నడిమి ముక్కలు, ఉంటే జన, అంటే చేప గుడ్లు, ఆఖర్న. రెండు బెండకాయలు కూడా నిలువునా వేసేది, మొదలూ చివరా కోసి. అంతే. ఇక గరిటె పెట్టకూడదు. చేప కండ అంతా పొరలు పొరలుగా ఉంటుంది, ఉడికిందంటే ఆ పొరలు చిన్న దెబ్బకే విడిపోతాయి. అందుకని మసిగుడ్డతో దాక అంచులు రెండువైపులా పట్టుకుని, నేల మీద బొంగరం తిరగబోయే ముందు ఊగినట్టు, ఒక్క ఊపు ఊపి వదిలేది. పులుసు గుండ్రంగా తిరిగి, ముక్కల మీదుగా పారి, మళ్లీ సర్దుకునేది.

మంట సంగతి కూడా చెప్పాలి. సరుగుడు కట్టెలు. మొదట్లో భగభగా మండినవి, ముక్కలు పడేవేళకి ఒకటి రెండు వెనక్కి లాగేసేది. అక్కణ్ణుంచి ఆవిడ చూసేది తక్కువ, వినేది ఎక్కువ. పొయ్యికి కాస్త దూరంగా పీట మీద కూర్చుని, బియ్యంలో రాళ్లేరుతూ. పలచటి పులుసు గలగలా మరుగుతుంది. చిక్కబడేకొద్దీ ఆ చప్పుడు బరువెక్కుతుంది. తుక... తుక... అని ఒకదాని వెనక ఒకటిగా, ఎడం ఎడంగా వినిపించినప్పుడు, తలెత్తకుండానే "ఒరేయ్ బుజ్జీ, రా" అనేది. అప్పుడు నా వంతు.

మొట్టమొదటిసారి నేను చెప్పిన మాట నాకింకా గుర్తు. "ఏదో తక్కువైంది మామ్మా."

"ఏదో అంటే కుదరదు. ఏది?"

తెలీదన్నాను. అప్పుడు పీట దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టి చెప్పింది. ఉప్పు తక్కువైతే నోట్లో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, మింగాక ఏమీ మిగలదు. పులుపు తక్కువైతే రెండో బొట్టు కావాలనిపించదు. కారం తక్కువైతే నాలిక్కి కాదు, ముక్కుకి తెలుస్తుంది. మెంతి ఎక్కువైతే గుటక వేశాక గొంతులో చేదు నిలబడుతుంది, దానికి మందు లేదు. "ఇప్పుడు మళ్లీ చూసి చెప్పు."

నా జీవితంలో ఎవరైనా నాకు నేర్పిన చదువుల్లో ఇంత స్పష్టంగా ఉన్నది ఇంకోటి లేదు. నాలుగైదు నెలల్లో పనిలో పడ్డాను. "రెండు గళ్లు ఉప్పు", "ఇంకొంచెం మరగాలి" అని పెద్దరికంగా చెప్తుంటే మా అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

ఒకసారి మాత్రం అబద్ధం చెప్పాను. ఆ రోజు మా పెద్ద మావయ్య, అంటే అత్తయ్య భర్త, భోజనానికి వచ్చారు. వీధిలో క్రికెట్, నాకు బ్యాటింగ్ వస్తోంది. మామ్మ పిలిస్తే పరుగెత్తుకొచ్చి, బొట్టు నాలిక్కి తగిలీ తగలకముందే "అన్నీ సరిపోయాయి" అని మళ్లీ పరుగు. భోజనాల దగ్గర కూర్చున్నాక చూస్తే ఎవరూ మాట్లాడరు. అందరూ కలుపుతున్నారు, కలుపుతూనే ఉన్నారు. మావయ్య నెమ్మదిగా, "ఆవకాయ ఉందా అండీ" అన్నారు. చేపల పులుసు వడ్డించాక అల్లుడు ఆవకాయ అడగడం అంటే ఏమిటో తెలిసినవాళ్లకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. ఉప్పు వెయ్యడమే మర్చిపోయింది మామ్మ. ముక్కలకి పట్టించిన ఉప్పు కడిగేసిందిగా, పులుసులో ఒక్క గల్లు కూడా లేదు.

నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. తర్వాతి వారం పులుసు పెట్టినప్పుడు నేను వంటింటి గుమ్మంలో నిలబడే ఉన్నాను. తుకతుక విన్నాను. మామ్మ నన్ను దాటి చూసి, మా చిన్నాన్న కూతుర్ని పిలిచింది. అది నాకంటే రెండేళ్లు చిన్నది, దానికి పులుపుకీ కారానికీ తేడా తెలీదు. "బావుంది మామ్మా" అంది, ఏం వేసినా అలాగే అంటుంది. అలా మూడు వారాలు. నాలుగోసారి కవళ్ల పులుసు. పీట మీంచే, "ఏరా, నాలుక దొరికిందా?" అంది. నేను పరుగెత్తిన పరుగుకి గడప తగిలి బొటనవేలు గోరు లేచిపోయింది.

ఇంట్లో ఆవిడ చేత మళ్లీ తినిపించాలని ప్రయత్నాలు చాలా జరిగాయి. చిన్నాన్న లాయరు, వాదన అలవాటు. "చేప వదిలావు, బెండకాయ వదల్లేదుగా. పులుసులో బెండకాయ తిను" అన్నాడు. నాన్న, "ఎండుచేప వేరు, పచ్చిచేప వేరు" అని శాస్త్రం తీశాడు. రొయ్యలు చేపలే కాదని నేను సైన్సు పుస్తకం తెచ్చి చూపించాను, నిజానికి ఇందులో నాదే బలమైన వాదన. మామ్మ అన్నీ వినేది. ఆదివారం మేం పులుసన్నం తింటుంటే తను ముద్దపప్పు, గోంగూర పచ్చడి వేసుకుని మా ఎదురుగానే కూర్చుని తినేది. ఎవరి ముల్లు ఎక్కడ చిక్కుతుందో చూస్తూ, తలకాయ ముక్క ఎవరికి రావాలో పంచుతూ.

మా ఇంట్లో ఫ్రిజ్ లేని రోజులు. అయినా మా పులుసు ఆ పూట తినేది కాదు. రాత్రి కొంచెం తిని, మిగతాది మర్నాటికి. రాత్రంతా ఆ దాక చల్లారిన పొయ్యి మీదే, మూకుడు మూసి, పైన బరువుకి పొత్రం పెట్టి, పిల్లి భయానికి. పొద్దున్నకి ఉప్పూ పులుపూ ముక్కలోకి దిగి, పులుసు కదలకుండా గడ్డకట్టినట్టు అయ్యేది. చేప తోలు, ముళ్లలోంచి వచ్చిన జిగురు అది. వేడన్నంలో వేసుకుంటే మళ్లీ కరిగేది. ఆ మొదటి ముద్ద కోసం నేనూ మా చెల్లీ కొట్టుకున్న కొట్లాటల గుర్తులు మోచేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి.

అలాంటి ఒక రాత్రి మంచినీళ్లకి లేచాను. వంటింట్లో బుడ్డి దీపం. మామ్మ పొయ్యి ముందు గొంతుకు కూర్చుని ఉంది. పొత్రం తీసి పక్కన పెట్టి, మూకుడు ఎత్తి, దాన్ని వెల్లకిలా తిప్పి మొహం దగ్గర పెట్టుకుంది. మూకుడు అడుగున పట్టిన చెమట బొట్లు బొట్లుగా మెరుస్తోంది. కళ్లు మూసుకుని అలా కాసేపు ఉండి, మళ్లీ జాగ్రత్తగా మూసేసి, పొత్రం పెట్టేసింది. వెనక్కి తిరిగితే నేను.

దొంగ దొరికిందన్న ఉత్సాహంతో, "వదిలేశావుగా మామ్మా!" అన్నాను.

"చేప వదిలాను. వాసన వదిలేస్తానని గంగమ్మకి చెప్పలేదు" అంది. "పడుకో."

1991లో ఇంటర్ చదవడానికి కాకినాడ హాస్టల్‌కి వెళ్లాను. ఆ మెస్సు గురించి ఏమీ అనను. వారానికోసారి ఇంటికి వస్తే నాకోసం పులుసు ఆగేది. రుచి చూడ్డానికి మధ్యలో మా చెల్లి కుదిరింది. అది నాకంటే కచ్చితం.

1996 నవంబరు 6న తుపాను వచ్చింది. కోనసీమ మీద విరుచుకుపడింది గానీ మాకూ తగిలింది. కొబ్బరిచెట్లు మధ్యకి విరిగి పడ్డాయి, వారాల తరబడి కరెంటు లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో వేటకి వెళ్లి తిరిగిరాని జాలర్లు ఎందరో. దీపావళికి నాలుగు రోజుల ముందు సంగతి ఇది. ఆ ఏడు మా వీధిలో ఎవరూ టపాకాయ కాల్చలేదు. వెంటనే కార్తీకం వచ్చింది, ఎలాగూ నీచు ముట్టరు. కార్తీకం వెళ్లాక కూడా మా ఇంట్లో సముద్రపు చేప వండలేదు. ఎందుకని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ నీళ్లలో ఎవరెవరు ఉన్నారో. మా చేపలామె ఒక రోజు గంప లేకుండా వచ్చింది. తమ్ముడి పడవ రాలేదంది. మామ్మ లోపలికి పిలిచి అన్నం పెట్టింది. ఇద్దరూ పెరట్లో చాలాసేపు కూర్చున్నారు. సంక్రాంతి దాటాక మళ్లీ గంపతో వచ్చింది. ఆ రోజు మామ్మ మొప్పలెత్తి చూడలేదు, బేరం ఆడలేదు. ఇచ్చినవి తీసుకుంది.

2004లో మామ్మ పోయింది. పెద్దకర్మ నాడు, పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టాలి. అక్కడ పెద్ద చర్చ. చేపల పులుసు పెట్టాలా, వద్దా? ఆవిడకి ప్రాణం అదే అని నాన్న. కాశీలో వదిలినది కర్మలో ఎలా పెడతారని అత్తయ్య. బతికున్నన్నాళ్లూ అనేది వ్రతం, పోయాక తీరిపోయినట్టే కదా అని చిన్నాన్న, ఆయన ఎలాగైనా ఒక పాయింటు తీస్తాడు. తాతయ్య చివరిదాకా ఏమీ మాట్లాడకుండా విని, "అది మాట తప్పదు. పెట్టకండి" అన్నాడు. గారెలు, బూరెలు, పులిహోర, ముద్దపప్పు, గోంగూర పెట్టారు. కథల్లో అయితే కాకి ముట్టదు, మనవడు వచ్చి ఏదో మాటిస్తాడు, అప్పుడు ముడుతుంది. మా ఇంట్లో అలాంటిదేమీ జరగలేదు. విస్తరి పెట్టీపెట్టగానే రెండు కాకులొచ్చి గారె కోసం తన్నుకున్నాయి. మామ్మకి గారెలంటే కూడా ఇష్టమేనని అప్పుడు గుర్తొచ్చింది మాకు.

నేను హైదరాబాదులో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. పులుసు నేనే పెడతాను. మా ఆవిడ పుట్టింటివాళ్లు శాకాహారులు. ఆ పూట తను హాల్లో కిటికీలు తీసుకుని కూర్చుంటుంది, అభ్యంతరం మాత్రం చెప్పదు. మట్టి దాక ఉంది, కొత్తది కొన్నప్పుడల్లా గంజి పోసి మరగబెట్టి వాడకానికి తెచ్చుకుంటాను. గ్యాసు మంట మీద చప్పుడు వేరుగా ఉంటుందని తెలుసుకోవడానికి నాకు రెండు మూడు పులుసులు పట్టింది. గరిటె పెట్టకుండా ఊపి వదిలేది మాత్రం మారలేదు.

2021 మేలో నాకు కోవిడ్ వచ్చింది. పెద్ద ప్రమాదం లేకుండా బయటపడ్డాను, ఆ నెలలో అది చిన్న మాట కాదు. కానీ వాసన పోయింది. ముందు కాఫీ వేడినీళ్లయింది. తర్వాత సబ్బు, సాంబ్రాణి, అగరొత్తి, ఏదీ లేదు. వాసన పోతే రుచి కూడా ముప్పాతిక పోయినట్టే. ఉప్పగా ఉందని, పుల్లగా ఉందని దూరంగా ఎవరో చెప్తున్నట్టు ఉండేది, అంతే. రెండు వారాల్లో వస్తుందన్నారు. రాలేదు. ఇంగువ డబ్బా ముక్కుకి ఆనించుకుని కూర్చునేవాణ్ణి పొద్దున్నే, సంధ్యావందనంలా.

జూన్ 8 మృగశిర కార్తె. ఆ రోజు చేప తినడం ఇక్కడివాళ్లకి ఆనవాయితీ. లాక్‌డౌన్ సడలించిన గంటల్లో రాంనగర్ మార్కెట్‌కి వెళ్లాను. సముద్రపు చేప ఆశ ఎలాగూ లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. కొర్రమీను ధర విని, బొచ్చె కొన్నాను. చెరువు చేపంటే మామ్మకి చులకన, మట్టి వాసనని. ఆ మాట గుర్తొచ్చి, మట్టి వాసన వస్తోందో లేదో కూడా నాకు తెలీదు కదా అనుకున్నాను. అయినా అలవాటుగా మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగానే ఉంది.

ఎందుకు వండాలనిపించిందో చెప్పలేను. తినాలని కాదు. ఉల్లిపాయలు దంచాను, మెంతులు వేయించాను. దోరగా వేగాయో లేదో వాసన చెప్పాలి మామూలుగా. ఈసారి రంగు చూసి దించాను, గోధుమరంగు రాగానే. నూనె పక్కలకి తేలడం కళ్లకి కనపడుతుంది. చింతపండు రసం పోస్తే వచ్చిన చప్పుడు అదే చప్పుడు. మరగనిచ్చాను. తలకాయ, తోక, నడిమి ముక్కలు. రెండు బెండకాయలు. మంట తగ్గించి, స్టౌకి దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏరడానికి బియ్యంలో రాళ్లు కూడా లేవు ఈ కాలంలో.

గలగల. తర్వాత బరువు. తర్వాత తుక... తుక...

"అమ్ములూ, ఇలా రా" అన్నాను. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. ఆన్‌లైన్ క్లాసు చెవిలో ఒక పక్క నడుస్తూనే ఉంది. "చెయ్యి పట్టు."

"చెయ్యా? స్పూన్ ఇవ్వు నాన్నా."

"చెయ్యి పట్టు."

పట్టింది. దాక వంచి, అంచున చేరిన పులుసులో చెంచా ముంచి, ఒక బొట్టు వేశాను. కెవ్వుమని, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, ఊదుకుని, నాకింది. నేను దాని మొహంలోకే చూస్తున్నాను. ఇంతసేపు చూసేదా మామ్మ, నాకు తెలీనే లేదు.

"బానే ఉంది. కానీ ఏదో తక్కువైంది."

"ఏదో అంటే కుదరదు. ఏది?"

"తెలీదు నాన్నా."

ఉప్పు సంగతి, పులుపు సంగతి, కారం సంగతి, మెంతి సంగతి చెప్పాను. చెవిలోంచి ఆ తీగ తీసేసి మరీ వింది. ఇంకో బొట్టు వేశాను. ఈసారి ఊదుకోకుండానే నాకింది. కళ్లు మూసుకుని, మింగి, కాసేపు ఆగింది.

"మింగాక ఏమీ మిగల్లేదు."

గళ్లుప్పు డబ్బా మూత తీశాను. నాలుగు గళ్లు వేసి, మసిగుడ్డతో దాక అంచులు పట్టుకుని ఒక్క ఊపు ఊపి వదిలాను. పులుసు గుండ్రంగా తిరిగి సర్దుకుంది.

"మళ్లీ చెయ్యి పట్టు" అన్నాను.